నాలుగో ఏడాదికి ఇవాళే చెల్లింపు

కొత్త కారు కొనేవాళ్ళు ఆన్‌రోడ్ ధర కాగితాన్ని పైనుంచి కిందికి చదువుతారు. ఎక్స్‌షోరూమ్ ధర దగ్గర ఆగి బేరమాడతారు, లైఫ్ ట్యాక్సు దగ్గర నిట్టూరుస్తారు, ఇన్సూరెన్సు దగ్గర ఒకటి రెండు ప్రశ్నలు వేస్తారు. ఇంకా కిందికొచ్చేసరికి ఓపిక అయిపోతుంది. సరిగ్గా అక్కడ, సీటు కవర్లకీ టెఫ్లాన్ కోటింగుకీ నడుమ, ఎక్స్‌టెండెడ్ వారంటీ అని ఒక వరస ఉంటుంది. పది లక్షల లెక్కలో పదిహేను వేలు ఎవరి కంటికీ ఆనవు. ఆ ఒక్క వరస మీద ఇద్దరు వియ్యంకుల చేత వాదింపజేస్తున్నాను. ఒకాయన బెజవాడ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన లెక్చరర్, అది వద్దంటారు. రెండో ఆయన మోటారు ఇన్సూరెన్సు సర్వేయరు, తీసుకోమంటారు. కారు కొంటున్నది ఒకరి కొడుకు, మరొకరి కూతురు కనుక ఇద్దరికీ మాట్లాడే హక్కుంది, మర్యాద తప్పే వీలు మాత్రం ఇద్దరికీ లేదు. ఇద్దరూ కల్పితమే. నా మొగ్గు లెక్కల మాస్టారి వైపు, ఆ సంగతి దాచను. అయితే సర్వేయరు గారి మాటల్లో ఒకదానికి ఆయన దగ్గర పూర్తి జవాబు లేదు, నా దగ్గరా లేదు.

సర్వేయరు: బావగారూ, మీరు కాగితం కలం తీసేలోపు నేను బానెట్ ఎత్తి చూపిస్తాను. మనం స్కూటర్ల మీద తిరిగిన రోజుల్లో బండి ఆగితే ప్లగ్గు విప్పి గీకేవాళ్ళం, కదిలేది. ఇప్పటి కారులో చెడిన వస్తువుని బాగుచేయడం తక్కువ, మార్చడం ఎక్కువ. టచ్ స్క్రీన్ నల్లబడితే స్క్రీను మొత్తం పోయినట్టే. పవర్ స్టీరింగులో మోటారు మొరాయిస్తే స్టీరింగ్ అసెంబ్లీ అంతా మార్చాలంటారు. ఏబీఎస్ మాడ్యూలు, ఏసీ కంప్రెసర్, టర్బో, ఆటోమేటిక్ గేర్‌బాక్సు, వీటిలో దేన్నీ వీధి చివరి మెకానిక్కు ధైర్యంగా విప్పడు. విప్పినా పార్టు దొరకదు. పిల్లలు కొంటున్నది ఆటోమేటిక్. ఇద్దరివీ నెల జీతాలు, కారుకి ఈఎంఐ, ఇంటికి ఈఎంఐ. నాలుగో ఏట గేర్‌బాక్సు పోయి సర్వీస్ సెంటరు వాడు అరవై వేలో డెబ్భై వేలో ఎస్టిమేట్ ఇస్తే ఎవరి మొహం చూస్తారు? ఇవాళ పది లక్షల్లో కలిసిపోయే పదిహేను వేలు ఆ రోజు వాళ్ళను కాపాడతాయి. నేను చెప్పేది అంతే.

లెక్చరర్: కారు చెడదని నేననడం లేదు బావగారూ. ఎప్పుడు చెడుతుందన్నదే నా ప్రశ్న. యంత్రాల ఆయుష్షు లెక్కగట్టేవాళ్ళు ఒక గీత గీస్తారు, స్నానాల తొట్టి ఆకారంలో ఉంటుంది. మొదట్లో ఎత్తుగా మొదలవుతుంది. తయారీలో దాగిన లోపాలన్నీ అప్పుడే బయటపడతాయి, పసిపిల్లల జబ్బుల్లా. తర్వాత గీత కిందికి దిగి చాలాకాలం చదునుగా సాగుతుంది. చివర మళ్ళీ లేస్తుంది, అవి అరుగుదల వల్ల వచ్చే ముసలితనపు జబ్బులు. మొదటి ఎత్తు కంపెనీ ఉచితంగా ఇచ్చే వారంటీలోకి పోతుంది. మన దేశంలో చాలా కంపెనీలు ఇప్పుడు కనీసం మూడేళ్ళు ఇస్తున్నాయి. చివరి ఎత్తు వచ్చేది ఎనిమిదో ఏటో పదో ఏటో. అప్పటికి ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా ముగిసి ఉంటుంది. మనకు అమ్ముతున్నది నడిమి చదును నేలని. అది కంపెనీకీ తెలుసు. మారుతి సుజుకి 2024 జులై దాకా 2 ఏళ్ళు లేదా 40,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చేది, దాన్ని ఒక్కసారిగా 3 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. అంతకుముందు రోజు వరకూ మూడో ఏడాదిని విడిగా డబ్బు తీసుకుని అమ్మారు, మర్నాటి నుంచి ఊరికే ఇచ్చారు. మూడో ఏట కార్లు విరివిగా చెడిపోతుంటే ఆ పని చేసేవాళ్ళా?

సర్వేయరు: ఊరికే ఇవ్వలేదు లెండి, కారు ధరలో కలుపుకునే ఉంటారు. అయినా మీ తొట్టిగీత లక్ష కార్ల సగటు. మా అమ్మాయి కొనేది లక్ష కార్లు కాదు, ఒక్క కారు. చెడితే ఆ ఒక్కటీ నూటికి నూరుపాళ్ళు చెడినట్టే. సగటు లెక్క కంపెనీకి పనికొస్తుంది కానీ మనకెందుకు? ఇన్సూరెన్సు పుట్టిందే అందుకు. మీ మాట పట్టుకుంటే ఇంటికి అగ్నిప్రమాద బీమా కూడా దండగే, ఎన్ని ఇళ్ళు తగలబడుతున్నాయి కనుక!

లెక్చరర్: మంచి మాట అన్నారు, దాని దగ్గరే ఆగుదాం. బీమా ఏదైనా సగటున నష్టానికే కొంటాం. ఆ నష్టం ఎంత, దేనికోసం భరిస్తున్నాం అన్నవి చూడాలి. ధర పదిహేను వేలు అనుకుందాం. అందులో 18 శాతం జీఎస్టీ తీసేస్తే 12,700 మిగిలింది. దాంట్లోంచి షోరూమ్ కమీషను, నడిపించే ఖర్చు, అమ్మేవాడి లాభం పోవాలి. మిగిలిందే రిపేర్లకు. ఇప్పుడు మీరన్న అరవై వేల గేర్‌బాక్సే తీసుకోండి. పది కార్లలో ఒకదానికి నాలుగైదు ఏళ్ళ మధ్య అది పోతుందనుకున్నా, సగటున ఒక్కో కారుకి పడేది ఆరు వేలు. పదిహేను వేలు న్యాయమైన ధర కావాలంటే నాలుగు కార్లలో ఒకదానికి గేర్‌బాక్సు పోవాలి. అలాంటి కారైతే వారంటీ గురించి కాదు, ఆ కారు కొనడం గురించే మనం మాట్లాడుకోవాలి. ఇక ఇల్లు తగలబడితే మనిషి జీవితమే తలకిందులవుతుంది. బండి గుద్ది మనిషి పోతే కోర్టు వేసే పరిహారం మన జన్మలో తీర్చలేం, అందుకే థర్డ్ పార్టీ బీమాని మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్ళది ఒకేసారి కట్టించుకుంటున్నారు. గేర్‌బాక్సు పోవడం చిరాకే, అప్పు కూడా కావచ్చు. కానీ మనిషిని కూల్చే నష్టం కాదు.

(ఇక్కడ నేనొక మాట కలుపుతాను. మాస్టారు పెట్టిన పదిలో ఒకటి ఊహే. ఆయనా ఊహ అనే చెప్పారు. ఏ కంపెనీ ఏ మోడల్లో ఏ పార్టు ఎన్నో ఏట ఎంతమందికి పోయిందో లెక్క ఉండేది కంపెనీ దగ్గర. కొనేవాడికి ఆ లెక్క చూపరు. ధర వేసేవాడు ముక్కలన్నీ చూసి ఆడుతుంటే, కొనేవాడు కళ్ళు మూసుకుని ఆడుతున్నాడు. ఈ బేరంలో అసలు తేడా అక్కడుంది.)

సర్వేయరు: సరే, ఒక ముక్క నేనూ వేస్తాను. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది, గుర్తుందా? స్పేర్ పార్టులూ, జబ్బు కనిపెట్టే పరికరాలూ, సాఫ్ట్‌వేరూ బయటి మెకానిక్కులకు దొరక్కుండా కంపెనీలు తమ గుప్పిట్లో పెట్టుకున్నాయన్నది అభియోగం. కేసు అప్పీళ్ళకు వెళ్ళింది, అది వేరే కథ. పార్టు వాళ్ళ దగ్గరే ఉంటే ధర కూడా వాళ్ళు చెప్పిందే. అలాంటి బజారులో ముందే ఒక రేటుకి కట్టేసుకోవడం తెలివి కాదా? రేపు పార్టు ధర ఎంత పెరిగినా మనకు పట్టదు.

లెక్చరర్: పార్టు ధర పెంచేదీ వాళ్ళే, ఆ పెరుగుదల నుంచి కాపాడతామని కాగితం అమ్మేదీ వాళ్ళే. వాన కురిపించేవాడి దగ్గర గొడుగు కొంటే గొడుగు ధర ఎవరు తేల్చాలి బావగారూ? మీరు చెప్పిన ఆ తీర్పులోనే ఇంకో ముక్క ఉంది. బయటి మెకానిక్కు దగ్గర చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు కూడదని కమిషన్ చెప్పింది. బయటి రిపేరు సరిగా చేయక ఏది చెడిందో అంతవరకే వారంటీ తీసేయవచ్చు. ఇదెందుకు చెబుతున్నానంటే, ఎక్స్‌టెండెడ్ వారంటీ అసలు ఖరీదు పదిహేను వేలు కాదు. అది బతికుండాలంటే ఐదేళ్ళ పాటు ప్రతి సర్వీసింగూ గడువు దాటకుండా కంపెనీ సర్వీస్ సెంటర్లోనే చేయించాలి, వాళ్ళు జాబ్ కార్డులో రాసిందానికల్లా తల ఊపాలి. వీల్ అలైన్‌మెంటు, ఇంజిన్ డీకార్బనైజింగు, ఏసీ డిస్‌ఇన్ఫెక్షను అని కింద చేరే వరసలు చూస్తుంటారుగా. నాలుగు, ఐదు ఏళ్ళలో బయట నమ్మకమైన మెకానిక్కుతో చేయించుకునే వెసులుబాటు పోతుంది. ఆ తేడాని కూడా వారంటీ ఖరీదులో కలపండి.

సర్వేయరు: అక్కడ మీ తీర్పు కన్నా నా అనుభవం గట్టిది. క్లెయిము వచ్చిందంటే మొదటి ప్రశ్న సర్వీసు రికార్డు ఏదని. చట్టం ఏం చెప్పినా, జాబ్ కార్డులు వరుసగా ఉన్నవాడి పని సాఫీగా జరుగుతుంది, లేనివాడు తిరుగుతుంటాడు. బయట మ్యూజిక్ సిస్టమ్ పెట్టించి వైరింగు కోశారా, బయట సీఎన్‌జీ కిట్ బిగించారా, ఇక కరెంటుకి సంబంధించిన ఏ లోపమైనా ఆ కోతకే అంటగడతారు. అందుకే నేననేది, ఎలాగూ కంపెనీలోనే చేయించేవాళ్ళకు ఇది అదనపు బంధం కాదు. మన పిల్లలకు వారాంతం దొరకడమే కష్టం, వాళ్ళు గవర్నర్‌పేటలోనో ఆటోనగర్లోనో మెకానిక్కుని వెతుక్కుంటూ తిరుగుతారా?

లెక్చరర్: తిరగరు, ఒప్పుకున్నా. అయితే ఇప్పుడు వాళ్ళు ఎంత తిరుగుతారో చూద్దాం. ఈ బేరంలో ఎవరూ అడగని ప్రశ్న అదే. వారంటీ కాగితం మీద ఏళ్ళు, కిలోమీటర్లు రెండూ రాసి, ఏది ముందైతే అది అంటారు. వారాంతంలో గుంటూరు, ఏడాదికి రెండుసార్లు తిరుపతి, మిగతా రోజుల్లో స్కూటీ. ఇలాంటివాళ్ళ బండి ఏడాదికి 8,000 కిలోమీటర్లు దాటదు. ఐదేళ్ళకి 40,000. ఆ మాత్రం తిరుగుడుకి గేర్‌బాక్సు అరగదు, టర్బో అరగదు. ఆ బండిలో వయసుతో పాడయ్యేవి బ్యాటరీ, టైర్లు, రబ్బరు బుష్‌లు, వైపర్లు, గొట్టాలు. కాగితం వెనక చిన్న అక్షరాలు చదవండి: బ్యాటరీ, టైర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, రబ్బరు సామాను మామూలుగా వర్తించవు. చెడేవాటికి వారంటీ లేదు, వారంటీ ఉన్నవి చెడవు. ఇక రెండో రకం మనిషిని తీసుకోండి. ఏడాదికి 40,000 తిరుగుతాడు. అతని బండికి నిజంగా రిపేర్లు వస్తాయి. కానీ లక్ష కిలోమీటర్ల కంపెనీ వారంటీ రెండున్నరేళ్ళకే పోతుంది. పొడిగించుకున్నది 1,40,000 వరకు అయితే అది మూడున్నరేళ్ళకు అయిపోతుంది. ఐదేళ్ళని డబ్బు కట్టినవాడికి దక్కింది ఏడాది. తక్కువ తిరిగేవాడికి కిలోమీటర్లు మిగిలిపోతాయి, ఎక్కువ తిరిగేవాడికి ఏళ్ళు మిగిలిపోతాయి. రెండూ మిగిలేది అమ్మినవాడికే.

సర్వేయరు: మధ్యలో వాడిని వదిలేశారు. ఏలూరు, గుడివాడ, మచిలీపట్నం తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌ని తీసుకోండి. ఏడాదికి పాతిక వేలు. మూడేళ్ళకి 75,000, ఐదేళ్ళకి 1,25,000. ఏళ్ళూ కిలోమీటర్లూ రెండూ చివరిదాకా సాగుతాయి, బండికి అరుగుదలా ఉంటుంది. అతనికి బండి ఆగితే జీతం ఆగినట్టు. అతన్ని కూడా వద్దంటారా?

లెక్చరర్: అనను. అతను కొనాలి. ఆటోమేటిక్కో టర్బోనో అయితే తప్పకుండా, అదీ కంపెనీ సొంత పథకమే కొనాలి. మీ వాదన సరిగ్గా సరిపోయే మనిషి అతనే. అమ్మకం మాత్రం అందరికీ జరుగుతోంది.

(ట్యాక్సీ ప్లేటు బండి సంగతి వేరు, దాని షరతులే వేరు, ఇద్దరూ దాని జోలికి పోలేదు. విద్యుత్ కార్ల గురించి కూడా ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. వాటిలో అతి ఖరీదైన బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు తామే ఇస్తున్నాయి. డబ్బు ముందే కట్టించుకుని మూడేళ్ళ సర్వీసింగులు చేసే ప్యాకేజీలంటారా, అవి బీమా కానే కావు. ఎలాగూ పెట్టే ఖర్చుని ముందుగా కట్టడమే. లేబర్ మీద తగ్గింపు కాగితం మీద కనిపిస్తే తీసుకోవచ్చు, ఊరు మారే ఉద్యోగమైతే వేరే డీలరు దగ్గర చెల్లుతుందో లేదో రాసి ఇమ్మనాలి.)

సర్వేయరు: కంపెనీ సొంత పథకం అని నొక్కి చెప్పారు, ఎందుకు?

లెక్చరర్: కంపెనీ కాకుండా మధ్యలో వేరే సంస్థ పేరుతో అమ్మేవి ఉన్నాయి కనుక. ఈ వ్యాపారం బాగా ముదిరింది అమెరికాలో. డాలస్‌లో మనవాళ్ళు కారు కొంటే సంతకాల గదిలో చివర బల్ల మీదకొచ్చే కాగితం ఇదే. అక్కడ సర్వీస్ కాంట్రాక్ట్ అంటారు. వారంటీ కారు ధరలో ఉంటుంది, ఇది వేరే డబ్బు పెట్టి కొనేది, ఇది వారంటీ కాదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొనేవాళ్ళకు విడమర్చి చెబుతుంటుంది. 2024లో అదే కమిషన్ చర్యతో కార్‌షీల్డ్ అనే సంస్థ, దాని కాంట్రాక్టులు నడిపే సంస్థతో కలిసి కోటి డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. రిపేర్లన్నీ తామే భరిస్తామన్నట్టు ప్రకటనలిచ్చి, తీరా బండి చెడ్డాక వర్తించదన్నారన్నది ఫిర్యాదు. ఇంకోటి. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2014లో తన పాఠకుల సర్వే ప్రచురించింది. ఇలాంటి కాంట్రాక్టు కొన్నవాళ్ళలో 55 శాతం మంది దాన్ని ఒక్కసారి కూడా రిపేరుకి వాడుకోలేదు. వాడుకున్నవాళ్ళకు కూడా సగటున మిగిలింది పెట్టినదానికంటే తక్కువే.

సర్వేయరు: మొదటి అంకె నాకు ఎక్కదు. వాడుకోకపోవడం నష్టమైతే, ఆరోగ్య బీమా కట్టి ఆసుపత్రికి పోనివాడు నష్టపోయినట్టా? రెండో అంకె మాత్రం గట్టిదే, ఒప్పుకుంటాను. అవసరం పడ్డవాడికే గిట్టకపోతే ఇంకెవరికి గిట్టుతుంది! అయితే అది అమెరికా సంగతి. అక్కడ ధరలు వేరు, మనవాళ్ళ రోడ్లు వేరు. మన గుంతల్లో సస్పెన్షన్ బతికి బట్టకట్టడమే గొప్ప.

లెక్చరర్: గుంతలో పడి సస్పెన్షన్ వంగితే అది తయారీ లోపం కాదంటారు, వారంటీ రాదు. అది మీ ఇన్సూరెన్సు పని. ఆ మాట మీద మిమ్మల్నే అడుగుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు సర్వే చేసింది మీలాంటివాళ్ళేగా. ఆ కార్లలో ఎక్స్‌టెండెడ్ వారంటీ ఎన్నింటిని ఆదుకుంది?

సర్వేయరు: ఒక్కదాన్ని కూడా కాదు. వరద నష్టం ఏ వారంటీలోనూ ఉండదు. నీళ్ళలో మునిగిన బండికి తాళం తిప్పితే గాలి పోవాల్సిన దారిన నీళ్ళు సిలిండర్లోకి పోతాయి. గాలి నలిగినట్టు నీళ్ళు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ మార్పిడి లక్షల్లో ఉంటుంది. మామూలు పాలసీలో కూడా, నీళ్ళలో స్టార్ట్ చేయడం వల్ల జరిగిన ఇంజిన్ నష్టం ఇవ్వరు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ విడిగా తీసుకున్నవాళ్ళకే వస్తుంది. మీరు నన్నెక్కడికి లాగుతున్నారో తెలుస్తోంది బావగారూ. ఒప్పుకుంటున్నాను, ఒకటే తీసుకునే స్తోమత ఉంటే నేనూ ముందు దాన్నే తీసుకోమంటాను. కానీ నా మొదటి మాటకి మీరింకా జవాబు చెప్పలేదు. అరవై వేలు మనిషిని కూల్చవన్నారు. మీకు పెన్షన్ ఉంది, నాకు ఫీజులున్నాయి. రెండు ఈఎంఐల మధ్య నలిగేవాళ్ళకి అరవై వేలంటే క్రెడిట్ కార్డు మీద ఏడాది వడ్డీ. వాళ్ళకు సగటు లెక్క చెప్పి ఏం లాభం?

లెక్చరర్: చెప్పలేదు, నిజమే. పూర్తిగా చెప్పలేను కూడా. చేతిలో అరవై వేలు ఎప్పుడూ ఉండనివాడికి ఆ కాగితం కొంత మనశ్శాంతి, దానికి నేను వెల కట్టలేను. కానీ ఇవాళే ఎందుకు కొనాలన్నది వేరే ప్రశ్న, దానికి జవాబుంది. ఆ రక్షణ మొదలయ్యేది నాలుగో ఏట. మూడేళ్ళ తర్వాత తెరిచే గొడుగుకి ఇవాళే అద్దె కడుతున్నాం. పదిహేను వేలు ఏడు శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే మూడేళ్ళకి 18,300 దాటుతుంది. అలా కాక కారు లోనులో కలిపేశారా, తొమ్మిది శాతం మీద ఐదేళ్ళ కిస్తుల్లో అదే పదిహేను వేలకి 18,700 దాకా కడతాం. చాలా కంపెనీలు మొదటి వారంటీ గడువులోపు ఎప్పుడైనా పొడిగింపు అమ్ముతాయి. ఆలస్యమైతే రేటు పెరుగుతుందని షోరూమ్ కుర్రాడు భయపెడతాడు, కొంత పెరుగుతుంది కూడా. ఎంత పెరుగుతుందో అంకె రాసి ఇమ్మనండి, వడ్డీతో పోల్చండి. ఆ పెరుగుదలకి బదులు మనకు దక్కేది మూడేళ్ళ సమాచారం. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, గేర్‌బాక్సు గరగరమంటోందా, అదే మోడల్ కొన్నవాళ్ళు దేని గురించి మొత్తుకుంటున్నారు, అసలు బండి ఉంచుకుంటారా అమ్మేస్తారా, మీటరు చూసి చెప్పొచ్చు. ఇవాళ కళ్ళు మూసుకుని ఆడే ఆటని అప్పుడు కళ్ళు తెరిచి ఆడతాం.

సర్వేయరు: అమ్మేటప్పుడు వారంటీ మిగిలి ఉంటే కొనేవాడికి బదిలీ అవుతుంది, ధర పలుకుతుంది అని ఇంకో మాట దాచిపెట్టుకున్నాను. అది కూడా మూడో ఏటే తేల్చుకోవచ్చంటారు.

లెక్చరర్: అంతే కదా మరి.

సర్వేయరు: అయితే నాదొక షరతు. ఆ పదిహేను వేలు ఖర్చు కాకూడదు. అమ్మాయి పేరున విడిగా డిపాజిట్ వేయించండి. లేకపోతే మూడో ఏటికి డబ్బూ ఉండదు, వారంటీ కూడా ఉండదు, మీ లెక్క ఒక్కటే మిగులుతుంది.

ఈ షరతుకి మాస్టారు ఒప్పుకున్నారు, నేనూ ఒప్పుకుంటున్నాను. డబ్బు విడిగా దాచలేని ఇంట్లో మాస్టారి వాదన సగం చచ్చిపోతుంది. కారు కొనబోయేవాళ్ళకు నా మనవి: డెలివరీ రోజున బిల్లులో ఆ వరస కొట్టేయించండి, అడక్కుండా చేర్చి తీసేయనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఇంజిన్ ప్రొటెక్షన్ మాత్రం పాలసీలో ఉంచండి. పొడిగింపు ఎప్పటిలోగా కొనవచ్చో, అప్పటి ధర ఎంతో, ఏ పార్టులకి వర్తించదో రాయించుకుని ఆర్‌సీ కాగితాలతో పాటు పెట్టుకోండి. 34వ నెలలో ఆ కాగితాన్నీ మీటరునీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాదికి పాతిక వేల కిలోమీటర్లకు అటూ ఇటూగా తిరిగిన బండి అయి, ఇంకో మూడేళ్ళు ఉంచుకునే ఆలోచన ఉంటే అప్పుడు కొనండి.